గుల్ల లేని నత్త ఏ రేవు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. "నత్తగుల్లలన్నీ ఒక రేవు, ముత్యపు చిప్పలన్నీ ఒక రేవు" అని సామెత ఉంది కదా. ఏ బాపతు వాళ్ళు ఆ బాపతుతోనే జట్టు కడతారని, కాస్త ఎత్తిపొడుపుగా వాడతాం. సముద్ర జీవుల మీద పిల్లల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో సీ స్లగ్‌ల మీద ఒక అధ్యాయం ఉంది. నత్తలాగే పాకుతాయి, గుల్ల ఉండదు, ఒళ్ళంతా కళ్ళు చెదిరే రంగులు. వీటిని ఒకచోట "సముద్రపు జలగలు" అనీ, ఇంకోచోట "రంగుల పురుగులు" అనీ రాయగా చూశాను. రెండూ మనసుకు ఎక్కలేదు. అసలు సీ స్లగ్ అన్నా న్యూడిబ్రాంక్ అన్నా ఒకటేనా? మన సామెత లెక్కన వీటిని ఏ రేవులో దించాలి? జంతుశాస్త్రం తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారా?

జవాబు:

జలగ మాత్రం వద్దండీ. జలగ వానపాముకి చుట్టం, దాని ఒళ్ళు ఉంగరాలు పేర్చినట్టు ఖండాలు ఖండాలుగా ఉంటుంది. మీరు చెప్పేది మొలస్కా వర్గం జీవి. అంటే నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ ఉన్న పెద్ద కుటుంబం. ఒంటి అడుగున పాకడానికి వెడల్పాటి పాదం, నోట్లో పళ్ళ వరసలున్న గరుకు నాలుక (దాన్ని రాడ్యులా అంటారు), ఇవి నత్తల గుర్తులు. మీ జీవుల్లో చాలావాటికి ఈ రెండూ ఉంటాయి.

సామెత విషయానికొస్తే, అది కట్టినవాళ్ళ చూపు భలే నిశితం. నత్తగుల్ల ఒకే పెంకు, చుట్టలు తిరిగి ఉంటుంది. ముత్యపు చిప్ప రెండు పలకలు, ఒకవైపు అతుక్కుని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు కూడా వీటిని సరిగ్గా ఇలాగే విడదీశారు, మొదటిది గాస్ట్రోపోడా, రెండోది బైవాల్వియా. ఒకదాన్ని గుల్ల అనీ రెండోదాన్ని చిప్ప అనీ వేరే మాటలతో పిలవడంలోనే ఆ తేడా ఉంది. సీ స్లగ్‌లు నిస్సందేహంగా నత్తగుల్లల రేవుకే చెందుతాయి.

గుల్లే లేనిదాన్ని ఆ రేవులో ఎలా దించుతామని అడుగుతారేమో. పుట్టినప్పుడు దానికి గుల్ల ఉంటుంది. న్యూడిబ్రాంక్ గుడ్లు రిబ్బన్‌లా చుట్టలు చుట్టి రాతికి అంటించి ఉంటాయి. వాటిలోంచి వచ్చే పిల్ల కంటికి ఆనదు. చాలా జాతుల్లో దాని వీపున చిన్న గుల్ల, ముందు నూగు వెంట్రుకలున్న రెండు రెక్కల్లాంటివి ఉంటాయి. కొన్నాళ్ళు నీళ్ళలో తేలుతూ తిరుగుతుంది. పెద్దయ్యాక తాను తినే తిండి ఏదో, ఒక స్పాంజో, హైడ్రాయిడో (జెల్లీఫిష్‌కి చుట్టమైన, మొక్కలా కనిపించే జీవి), దగ్గర్లో ఉందని పసిగట్టగానే అడుగుకు దిగి, గుల్ల వదిలేసి రూపం మార్చుకుంటుంది. అందుకే "గుల్ల లేని నత్త" కన్నా "గుల్ల విడిచిన నత్త" అనడం నాకు ఇష్టం. లేని అంటే ఏదో లోటు ఉన్నట్టుంటుంది. విడిచిన అంటే దాని కథ మొత్తం ఆ మాటలోనే వచ్చేస్తుంది.

ఇక రెండో ప్రశ్న. సీ స్లగ్, న్యూడిబ్రాంక్ ఒకటి కావు. సీ స్లగ్ అనేది వాలకాన్ని బట్టి పెట్టిన పేరు, న్యూడిబ్రాంక్ అనేది వంశాన్ని బట్టి పెట్టిన పేరు. న్యూడిబ్రాంక్‌లన్నీ సీ స్లగ్‌లే కానీ సీ స్లగ్‌లన్నీ న్యూడిబ్రాంక్‌లు కావు. సీ హేర్ అనే ఎప్లీసియా కూడా సీ స్లగ్గే, కానీ దాని ఒంట్లో పల్చటి పెంకు ముక్క ఒకటి ఇంకా దాగి ఉంటుంది. జ్ఞాపకాలు నరాల్లో ఎలా నిలుస్తాయో దీని మీద పరిశోధించే ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఫోన్లలో చక్కర్లు కొట్టే ఆకుపచ్చ "లీఫ్ షీప్" బొమ్మ చూసే ఉంటారు. కోస్టాసియెల్లా కురోషిమే దాని పేరు. దాన్ని అందరూ న్యూడిబ్రాంక్ అని షేర్ చేస్తారు, కానీ అది శాకోగ్లోసా అనే వేరే గుంపు. నాచు కణాల్లోని రసం పీల్చి, అందులోని పత్రహరితపు రేణువులను అరిగించుకోకుండా తన ఒంట్లోనే దాచుకునే బాపతు.

ఇంకొకరు:

మాస్టారూ, మేం కాలేజీలో చదివినప్పుడు ఇవన్నీ "ఒపిస్థోబ్రాంకియా" అనే ఒకే గుంపు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. ఇప్పుడు వేరు వేరంటే ఎలా?

జవాబు:

మీ మార్కులు ఎవరూ వెనక్కి తీసుకోరు లెండి. అప్పటి పుస్తకాల్లో అదే ఉంది. ఈ కథ కాస్త పొడుగు.

1817లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే న్యూడిబ్రాంకియా అనే పేరు పెట్టాడు. లాటిన్‌లో న్యూడుస్ అంటే బట్టల్లేని, గ్రీకులో బ్రాంకియా అంటే మొప్పలు. తర్వాత 1848లో మిల్న్-ఎడ్వర్డ్స్ మొప్పలు గుండెకు ముందున్నాయా వెనకున్నాయా అని చూసి నత్తలను విడదీశాడు. వెనకున్నవి ఒపిస్థోబ్రాంకియా. దీని వెనక ఒక విచిత్రం ఉంది. నత్త పిల్లదశలో ఉండగా ఒంటి పైభాగం 180 డిగ్రీలు మెలితిరుగుతుంది, దాంతో మొప్పలు, మలద్వారం తలవైపుకి వచ్చేస్తాయి. సీ స్లగ్‌లలో ఆ మెలి మళ్ళీ విడిపోతుంది, మొప్పలు వెనక్కి వెళ్తాయి. మెలి విడిపోయినవన్నీ ఒక తల్లి పిల్లలే అనుకున్నారు. 150 ఏళ్ళకు పైగా ఆ లెక్కే నడిచింది.

డీఎన్‌ఏ పోల్చి చూడడం మొదలయ్యాక ఆ గుంపు నిలబడలేదు. మెలి విడిపోవడం, గుల్ల పోవడం వేరు వేరు వంశాల్లో విడివిడిగా జరిగాయని తేలింది. 2010లో వచ్చిన ఒక పరిశోధన శాకోగ్లోసాను తీసుకెళ్ళి నేల మీద తిరిగే నత్తల పక్కన కూర్చోబెట్టింది. అంటే ఆ లీఫ్ షీప్‌కి పక్కనే పాకుతున్న న్యూడిబ్రాంక్ కన్నా తోటలో మొక్కలు తినే నత్తే దగ్గరి చుట్టం! ఇప్పుడు వీటన్నిటినీ, నేల నత్తలతో సహా, హెటెరోబ్రాంకియా అనే పెద్ద గొడుగు కిందకి తెచ్చారు. ఒపిస్థోబ్రాంక్ అనే మాట వాడుకలో మిగిలింది, వంశవృక్షంలో మాత్రం లేదు. సామెత భాషలో చెప్పాలంటే, ఒకే రేవులో స్నానం చేస్తున్నారని ఒకే ఇంటివాళ్ళని అనుకున్నాం.

న్యూడిబ్రాంక్‌లు మాత్రం నిజంగానే ఒకే ఇల్లు. ఇప్పటికి సుమారు 3000 జాతులకు పేర్లు పెట్టారు. ప్లూరోబ్రాంక్‌లనే గుంపు వీటికి బాగా దగ్గర. ఇంట్లో రెండు వాటాలున్నాయి. ఒకటి డోరిడ్‌లు. వీపు వెనక భాగాన, మలద్వారం చుట్టూ, ఈకల్లాంటి మొప్పలు పువ్వులా విచ్చుకుని ఉంటాయి. వేలు తగిలిందో, చాలావాటిలో ఆ పువ్వు మొత్తం వీపులోని చిన్న గుంతలోకి ముడుచుకుపోతుంది. ఈ వాటాకున్న పాత పేరు ఆంథోబ్రాంకియా, అంటే పూమొప్పలు. రెండోది క్లాడోబ్రాంకియా, కొమ్మ మొప్పలు. వీటిలో ఎయోలిడ్‌లనేవాటికి వీపంతా వేళ్ళలాంటి పిలకలుంటాయి. వాటిని సెరాటా అంటారు. జీర్ణాశయం కొమ్మలు ఆ పిలకల్లోకి పాకి ఉంటాయి. హైడ్రాయిడ్‌లను తిన్నప్పుడు వాటి కుట్టే కణాలు పేలకుండా లోపలికి పోయి, పిలకల కొసన ఉన్న చిన్న సంచుల్లో చేరతాయి. పగవాడి ఆయుధం తిని, దాన్నే తన వీపు మీద పెట్టుకుని తిరుగుతుందన్నమాట. నీలంగా, వెల్లకిలా తేలే గ్లాకస్ అట్లాంటికస్ ఈ పని పోర్చుగీస్ మ్యాన్ ఓ వార్ అనే, జెల్లీఫిష్‌లా తేలుతూ కుట్టే జీవితో చేస్తుంది. అందుకే ఒడ్డున కనబడితే చేత్తో తీయకూడదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్సండీ. మరి పుస్తకంలో "రంగును బట్టి వీటిని గుర్తుపట్టవచ్చు" అని ఒక వాక్యం ఉంది. దాన్ని అలాగే ఉంచనా?

జవాబు:

కొంచెం సడలించి రాయండి. రంగే పెద్ద మోసం ఇక్కడ. క్రోమోడోరిస్ అనే ప్రజాతినే తీసుకోండి, పేరుకే "రంగుల డోరిస్". నీలం ఒళ్ళు, నిలువుగా నల్ల చారలు, అంచున పసుపో నారింజో పట్టీ. ఈ వేషంలో బోలెడు జాతులున్నాయి. డీఎన్‌ఏ చూస్తే, అచ్చం ఒకేలా ఉన్నవి వేరు జాతులు, ఒకే జాతిలో రెండు మూడు వేషాలు. కారణం లేకపోలేదు. ఇవి తినే స్పాంజుల్లో విషాలుంటాయి, ఆ విషాన్ని చర్మపు అంచుల్లోని గ్రంథుల్లో దాచుకుంటాయి. గుల్ల పోయిన లోటు అలా తీరింది. "నన్ను తింటే చేదు" అని చెప్పే రంగు చేపలకు ఒకసారి అలవాటైతే, అదే వేషం వేసుకున్న ఇంకో జాతికి కూడా లాభమే. అందుకని రంగులు చుట్టరికం లేకపోయినా ఒకదానికొకటి దగ్గరవుతాయి.

2012లో జాన్సన్, గోస్లినర్ అనే ఇద్దరు డీఎన్‌ఏ ఆధారంగా ఈ కుటుంబాన్ని మొత్తం తిరగరాశారు. క్రోమోడోరిస్‌లో ఉన్న చాలా జాతులు గోనియోబ్రాంకస్, ఫెలిమిడా లాంటి పేర్ల కిందకి వెళ్ళాయి. పాత ఫొటో పుస్తకాల్లో పేర్లు ఇప్పటి పేర్లతో కలవకపోవడానికి ఇదో కారణం. మీ మూల పుస్తకం ఏ సంవత్సరానిదో ఒకసారి చూసుకోండి.

ఇంకో తమాషా చెప్పనా. ఇన్ని రంగులున్నా ఇవి ఒకదాని రంగు ఒకటి చూసుకోలేవు. కళ్ళు చర్మం కింద చిన్న చుక్కలు, వెలుగు చీకటి తెలుస్తాయంతే. తల మీద కొమ్ముల్లా నిలబడి ఉండేవి రైనోఫోర్‌లు, వాసన పట్టడానికి. పిల్లల పుస్తకాల్లో ఆ కొమ్ముల మీద కళ్ళు గీసేస్తారు, బొమ్మలు వేసేవారికి ముందే చెప్పండి.

మరొకరు:

పేరు సంగతి తేలలేదు. "నగ్నమొప్పలు" అంటే సరిపోదా? లేదా "దిగంబర శ్వాసాంగులు"?

జవాబు:

దిగంబర అంటే క్లాసులో ఒక పావుగంట నవ్వులే, పాఠం సాగదు. నగ్నమొప్పలు నోరు తిరిగే మాటే గానీ, నాకు ఒక అభ్యంతరం ఉంది. అసలు పేరే సగం నిజం. డోరిడ్‌ల మొప్పలు బయట కనిపిస్తాయి, సరే. ఎయోలిడ్‌లకు అలాంటి మొప్పలు లేవు, పిలకలతో, చర్మంతో గాలి పీల్చుకుంటాయి. ఫిల్లిడియా అనే డోరిడ్‌లకు మొప్పలు వీపు మీద ఉండవు, ఒంటి అంచు కింద దాగి ఉంటాయి. రాడ్యులా కూడా ఉండదు. కువియే పెట్టిన పేరు పాతుకుపోయింది కాబట్టి లోకం వాడుతోంది. ఆ సగం నిజాన్ని మనం పనిగట్టుకుని తెలుగులోకి తెచ్చుకోవడం దేనికి? నక్షత్ర చేప అని తెచ్చుకుని, అది చేప కాదని ఇప్పటికీ పిల్లలకు చెబుతూనే ఉన్నాం.

నా సలహా ఇది. సీ స్లగ్‌కి "గుల్ల విడిచిన సముద్రపు నత్త" అని మొదటిసారి రాసి, తర్వాత సీ స్లగ్ అనే వాడండి. గుల్ల పూర్తిగా విడవనివీ ఉన్నాయి కాబట్టి "గుల్ల విడిచిన, లేదా బాగా తగ్గించుకున్న" అని ఒక్కసారి వివరిస్తే చాలు. న్యూడిబ్రాంక్‌ని న్యూడిబ్రాంక్ అనే ఉంచండి. లోపలి రెండు వాటాలకు పూమొప్పలు, కొమ్మమొప్పలు అని పెడితే పిల్లలకు బొమ్మ కళ్ళకు కడుతుంది.

అన్నట్టు, శాస్త్రీయ నామాల్లో అన్నీ గ్రీకు దేవతలే అనుకోకండి. 1864లో ఆల్డర్, హాంకాక్ అనే ఇద్దరు వర్ణించిన ఒక డోరిడ్ పేరు "కళింగ ఆర్నేటా". తెల్లటి ఒంటి మీద ఎర్రటి బుడిపెలుంటాయి, నక్షత్ర చేపలకు చుట్టాలైన బ్రిటిల్ స్టార్‌లను తింటుంది. ఆ నమూనాలు సేకరించినవాడు మద్రాసులో పనిచేసిన బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్, 1845లో అమరావతి స్తూపం తవ్వించిన ఆయనే. భాషావాళ్ళకి ఆయన శాసనాల వల్ల తెలుసు, నత్తల వాళ్ళకి ఇలా తెలుసు.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, మొదటి వాక్యం ఇలా రాశాను, చూడండి: "సముద్రం అడుగున గుల్ల విడిచిన నత్తలు రంగురంగుల ఒంటితో ఈదుతూ ఉంటాయి."

జవాబు:

"ఈదుతూ" తీసేసి "పాకుతూ" పెట్టండి. వీటిలో చాలామటుకు అచ్చమైన నత్తనడకే. స్పానిష్ డాన్సర్ అనే హెక్సాబ్రాంకస్ మాత్రం ఒంటి అంచులు అలల్లా ఆడించి ఈదుతుంది, దానికి విడిగా ఒక పేరా ఇవ్వండి. "సముద్రం అడుగున" కూడా అన్నిటికీ నప్పదు. గ్లాకస్ నీటి పైన తేలుతుంది. 2024లో పేరు పెట్టిన బాథిడేవియస్ అయితే వేల మీటర్ల లోతులో, నడినీళ్ళలో ఈదుతూ బతుకుతుంది. తల చుట్టూ గొడుగులాంటి ముసుగుతో వేటాడుతుంది, తాకితే వెలుగుతుంది. 2000లో మొదటిసారి కెమెరాకి చిక్కితే, అది ఏ గుంపుదో తేల్చి పేరు పెట్టడానికి అంతకాలం పట్టింది. "సముద్రంలో" అని రాస్తే సరిపోతుంది.