హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ వసతి గురించి తెలిసినవారు దయచేసి చెప్పగలరు

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా అమ్మాయికి సీయూఈటీ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ సీటు వచ్చింది. 1974లో ఏర్పడి, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో చదవాలన్నది తన చిరకాల కోరిక. అయితే సీటు వచ్చినంత మాత్రాన హాస్టల్ గది వచ్చినట్టు కాదని, ఖాళీలను బట్టే కేటాయిస్తారని తెలిసినప్పటి నుంచి మాకు నిద్ర పట్టడం లేదు.

మొదటి సంవత్సరం విద్యార్థినులకు గది సాధారణంగా చేరిన ఎన్నాళ్లకు దొరుకుతుంది? ఒక్కో గదిలో ఎంతమందిని ఉంచుతారు? మెస్‌లో నెల ఖర్చును భోంచేసినవారందరికీ పంచి వేసే పద్ధతి ఉంటుందని విన్నాను. అలాగైతే ఇంటికి వచ్చిన రోజులకు తగ్గింపు ఇస్తారా, దానికి ముందుగా ఎవరికి రాసి ఇవ్వాలి అన్నది ఇటీవల అక్కడ చదివినవారు వివరిస్తే ఎంతో మేలు. గది ఆలస్యమైతే ఆ కొన్ని వారాలు బయట పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) ఉంచక తప్పదు. ఆవరణ చాలా పెద్దది కనుక రాత్రి గ్రంథాలయం నుంచి ఒంటరిగా నడిచి రావడం ఎలా ఉంటుందో కూడా ఆడపిల్లల మాటగా వినాలని ఉంది.

నేను డిగ్రీ రోజుల్లో వాడిన ఇనుప ట్రంకుపెట్టెకు తుప్పు గీకి, కొత్త గొళ్లెం వేయించి, తన పేరు రాయించాను. అది మంచం కింద పడుతుందో లేదో చెప్పినా సంతోషమే.