పేరు దాచడం, మ్యాక్ ఫిల్టర్ పెట్టడం: అపార్ట్‌మెంట్ వైఫైకి ఇవి అక్కరకొస్తాయా, దండగా?

మియాపూర్_మూడో_అంతస్తు:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన మెసేజ్ పెట్టారు. "అందరూ వైఫై పేరు కనబడకుండా దాచేయండి. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ ఆన్ చేసి మీ ఇంటి ఫోన్లు మాత్రమే ఎక్కించండి. ఇక పాస్‌వర్డ్ ఎంత చిన్నదైనా దిగుల్లేదు" అని. చాలామంది చేసేశారు కూడా. (మ్యాక్ అంటే ప్రతి ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ వైఫైలో ఉండే గుర్తింపు నంబర్. దాన్ని చూసి ఎవరిని రానివ్వాలో రౌటర్ తేల్చడమే మ్యాక్ ఫిల్టర్.) నాకు పేచీ వచ్చింది ఆ చివరి ముక్కతోనే. ఆ రెండిటినీ నేను భద్రత కింద జమకట్టను.

పేరు దాచడమంటే ఏమిటి? రౌటర్ సెకనుకి దాదాపు పదిసార్లు "నేనిక్కడున్నాను" అని బీకన్ వేస్తూ ఉంటుంది. అందులో పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తుంది, అంతే. మీ ఫోన్ కలిసేటప్పుడు మాత్రం ఆ పేరు చెప్పక తప్పదు, అదీ ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా సంకేతాల్లోకి మార్చడం) లేకుండా. పక్క ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని వినేవాడికి ఆ ఒక్కసారి చాలు. పైగా దాచిన నెట్‌వర్క్‌ని గుర్తుపెట్టుకున్న ఫోను ఆఫీసుకెళ్లినా, మాల్‌కెళ్లినా "ఫలానా వైఫై ఉందా" అని పేరుపెట్టి పిలుస్తూ తిరగొచ్చు. ఇంట్లో దాచిన పేరు బయట మనమే చాటుకున్నట్టు.

మ్యాక్ అడ్రస్ సంగతీ అంతే. డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతి పెట్టుకున్నా ఎన్‌క్రిప్షన్ పడేది లోపలి డేటాకే. గాల్లో వెళ్లే ప్రతి ఫ్రేము (డేటా పొట్లం) పైనా పంపేవాడి మ్యాక్, అందుకునేవాడి మ్యాక్ బాహాటంగానే ఉంటాయి. వాటిలో ఒకటి చూసి తన ల్యాప్‌టాప్‌కి తగిలించుకోవడం నిమిషం పని. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉంటే చెప్పండి.

గేటు_దగ్గర_మల్లన్న:
అన్నా, నువ్వు చెప్పేది హ్యాకర్ల గురించి. మా బిల్డింగ్‌ల హ్యాకర్లు లేరు, మంది పోరగాళ్లున్నరు. ఇంటికి తాళం వేసినా గేటుకు గొళ్లెం పెడతం కదా, ఇదీ గట్లనే. పేరే కనబడకపోతే పక్కింటోడు "జర పాస్‌వర్డ్ చెప్పు అన్నా" అని అడగడు. నాకు అదే పెద్ద లాభం. నువ్వు భద్రత అను, నేను మొహమాటం తప్పించుకునుడు అంట.

మియాపూర్_మూడో_అంతస్తు:
మల్లన్నా, అడిగేవాళ్లని తప్పించుకోవడానికైతే సరే, నేను కాదనను. కానీ ఈ గొళ్లేనికి ఖర్చుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో నకిలీ మ్యాక్ చూపిస్తున్నాయి. ఫోన్ రీసెట్ చేసినా, ఆ సెట్టింగ్ మార్చినా నంబర్ మారిపోవచ్చు. అప్పుడు మీ ఇంటి ఫోనే మీ రౌటర్‌కి పరాయిది. లోపలికెళ్లి మళ్లీ ఎక్కించాలి. ఈ తిప్పలంతా పడ్డాక, నిజంగా రావాలనుకున్నవాడు ఆగుతాడా అంటే ఆగడు.

ఫైబర్_బాబాయ్_గుంటూరు:
నేను ఫైబర్ కనెక్షన్లు వేసే పనిలో ఉన్నానండి. మీరంతా పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు గానీ, క్షేత్రంలో సంగతి చెబుతా. కొత్త కనెక్షన్ వేశాక కస్టమర్‌ని "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు" అని అడిగితే పదిమందిలో తొమ్మిది మంది "నా ఫోన్ నంబరే పెట్టెయ్" అంటారు. అడక్కపోయినా మేమే అది పెట్టేస్తాం. ఎందుకంటే వేరేది పెడితే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "బాబూ, పాస్‌వర్డ్ ఏంటి" అంటారు. మర్చిపోనిది ఫోన్ నంబర్ ఒక్కటే. పది అంకెలుంది, అదేం చిన్నది కాదుగా. ఇప్పటిదాకా నా కస్టమర్లలో ఎవరూ వచ్చి వైఫై దొంగిలించారని చెప్పలేదు.

మియాపూర్_మూడో_అంతస్తు:
బాబాయ్ గారూ, దొంగిలించినట్టు తెలిస్తే కదా చెప్పడానికి.

పది అంకెల లెక్క చూద్దాం. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 తోనే మొదలవుతాయి. అంటే మొత్తం 400 కోట్లు. వినడానికి బోలెడు. కానీ వైఫై పాస్‌వర్డ్ ఊహించేవాడు మీ రౌటర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటే కొట్టడు. మీ ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు రెండిటి మధ్యా నాలుగు ముక్కల మాట నడుస్తుంది. అది పట్టుకుంటే చాలు, మిగతా పని ఇంటికెళ్లి తన కంప్యూటర్ మీద చేసుకుంటాడు. రౌటర్ ఎంతమాత్రం అడ్డురాదు, దానికి తెలియనే తెలియదు. గేములాడుకునే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకి సుమారు 25 లక్షల పాస్‌వర్డ్‌లు సరిచూడగలదు. 400 కోట్లు అయిపోవడానికి అరగంట పట్టదు. ఎనిమిది అంకెలైతే నిమిషం లోపే. ఇక మీ నంబర్ అసోసియేషన్ నోటీసు బోర్డు మీద, వాచ్‌మన్ రిజిస్టర్‌లో ఎలాగూ ఉంటుంది కాబట్టి పక్కింటివాడికి ఆ కార్డు కూడా అక్కర్లేదు.

అదే పన్నెండు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు ఏ అర్థమూ లేకుండా కలిపితే, అదే కార్డుకి వెయ్యేళ్లు పైమాట. నోరు తిరగదంటే ఒకదానితో ఒకటి పొసగని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. మాటలు మీరు ఎంచుకోకుండా పుస్తకం కళ్లు మూసుకుని తెరిచి ఏరుకుంటే ఇంకా మంచిది. సినిమా డైలాగు, దేవుడి పేరు, పిల్లల పుట్టినరోజు మాత్రం వద్దు.

అమ్మ_అడ్మిన్:
మ్యాక్ ఫిల్టర్ దండగ అనేవాళ్లకి మా ఇంటి సంగతి. నేను దొంగల కోసం పెట్టలేదు, పదో తరగతి చదివే మావాడి కోసం పెట్టాను. రాత్రి పది దాటితే వాడి ఫోన్‌కి నెట్ రాకూడదు. మొదట వాడి మ్యాక్‌ని బ్లాక్ జాబితాలో వేశాను. వాడు ఫోన్‌లో ఆ ప్రైవేట్ అడ్రస్ సెట్టింగ్ అటూ ఇటూ తిప్పి కొత్త నంబర్‌తో దర్జాగా వచ్చేశాడు. అప్పుడు జాబితా తిరగేశాను: వీళ్లని ఆపు అని కాకుండా, వీళ్లని మాత్రమే రానివ్వు అని. ఇప్పుడు ఏ కొత్త నంబర్‌తో వచ్చినా గుమ్మం బయటే. హ్యాకర్‌ని ఆపదంటారా, ఆపకపోతే పోనీండి. మావాడిని ఆపుతోంది.

గేటు_దగ్గర_మల్లన్న:
అక్కా, వాడు ఇంక మీ ఫోన్ మ్యాక్ కాపీ కొట్టుడు నేర్చుకోలే. ఇంజినీరింగ్‌కు పంపిన్రంటే అయిపాయె 😀

అమ్మ_అడ్మిన్:
దానికంటే ముందు మొబైల్ డేటా ఉందని వాడికి గుర్తొస్తుంది తమ్ముడూ. ఆ రీచార్జ్ నా చేతుల్లో ఉంది.

ఎవడిక్కావాలి_మనది:
అసలు ఇంత రాద్ధాంతం దేనికండీ? అన్‌లిమిటెడ్ ప్లాన్. పక్కింటి పిల్ల ఆన్‌లైన్ క్లాసు వింటే నా సొమ్మేం పోయింది? మా నాన్న హయాంలో ఊళ్లో ఫోన్ ఉన్న ఇంటికి అందరూ వచ్చి మాట్లాడుకునేవారు. ఇప్పుడు వైఫై చుట్టూ కంచెలు కడుతున్నాం.

మియాపూర్_మూడో_అంతస్తు:
పక్కింటి పిల్లకి ఇవ్వద్దని నేననలేదు. ఎవరికిచ్చారో మీకు తెలియాలి అంటున్నాను. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానెళ్లకి ఒక ఈమెయిల్ వెళ్లింది. పోలీసులు ఐపీ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే చిరునామా) పట్టుకుని వెళ్తే తేలింది నవీ ముంబైలో ఒక అమెరికన్ అద్దెకుంటున్న ఫ్లాట్. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో దాన్ని వాడుకుని మెయిల్ పంపారు. సెప్టెంబర్‌లో ఢిల్లీ పేలుళ్లప్పుడు మెయిల్ వచ్చింది చెంబూరులో ఒక కంపెనీ వైఫై నుంచి. ఆ తర్వాతే 2009లో టెలికాం శాఖ వైఫై భద్రత మీద ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. బయటి ప్రపంచానికి మీ ఇంట్లోవాళ్లంతా ఒకే ఐపీ. ఎవరు ఏం చేసినా మొదట తట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల తలుపే.

పిల్లకి ఇవ్వాలంటే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. నెట్ వస్తుంది, మీ ఇంటి ప్రింటర్, కెమెరా, ల్యాప్‌టాప్ కనబడవు. చుట్టాలకీ అదే. "మా ఇంటి వైఫై ఇది" అని గెస్ట్ పేరే చెప్పండి, వాళ్లకి తేడా తెలియదు, మీకు మొహమాటం ఉండదు. అయితే కొన్ని చవక బాక్సుల్లో గెస్ట్ అన్నది పేరుకే, లోపల అన్నీ కనబడుతూనే ఉంటాయి. గెస్ట్‌లో కలిసి బ్రౌజర్‌లో 192.168.1.1 (చాలా రౌటర్ల సెట్టింగుల పేజీ చిరునామా) తెరిచి చూడండి. రౌటర్ పేజీ వచ్చిందంటే నమ్మకండి.

ఫైబర్_బాబాయ్_గుంటూరు:
మరి పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ మాటేంటి? కస్టమర్లకి అదే హాయి. బటన్ నొక్కితే టీవీ కలిసిపోతుంది.

మియాపూర్_మూడో_అంతస్తు:
బటన్‌తో అంత పేచీ లేదు, అది రెండు నిమిషాలే తెరిచి ఉంటుంది. చిక్కంతా డబ్ల్యూపీఎస్‌లోనే ఉండే పిన్‌తో, అంటే బటన్ బదులు నంబర్ కొట్టి కలిపే పద్ధతితో. ఎనిమిది అంకెల పిన్ అంటారు గానీ చివరి అంకె మిగతా ఏడు నుంచి లెక్కగట్టేదే. దానికి తోడు రౌటర్ మొదటి నాలుగు సరిగా ఉన్నాయో లేదో విడిగా చెప్పేస్తుంది. అంటే పదివేలు, ఆపైన ఒక వెయ్యి, మొత్తం 11,000 ప్రయత్నాలు. 2011 డిసెంబర్‌లోనే ఇది బయటపడింది. తర్వాత వచ్చిన రౌటర్లు కొన్ని తప్పులయ్యాక ఆపేస్తాయి, కానీ మీ కస్టమర్ బాక్సు ఆపుతుందో లేదో ఎవరు చూశారు? పిన్ ఆన్‌లో ఉంటే మీరు ఎంత గొప్ప పాస్‌వర్డ్ పెట్టినా అది పక్క దారి. ఆఫ్ చేసెయ్యండి.

డాలస్_నుంచి_తెనాలి:
చదువుతుంటే భయమేస్తోంది. నాన్నగారికి సెట్టింగులు రావు కాబట్టి తెనాలి ఇంట్లో రౌటర్ అడ్మిన్ పేజీ ఇక్కణ్నుంచి తెరుచుకునేలా రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి పెట్టాను. పాస్‌వర్డ్ వచ్చినప్పటిదే, అడ్మిన్, అడ్మిన్. మా ఇంటి మీద ఎవరి కన్ను పడుతుందిలే అని.

మియాపూర్_మూడో_అంతస్తు:
ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే ముందు మూయాల్సింది అది. ఇంటర్నెట్‌లో మీ ఇంటి మీద ప్రత్యేకంగా ఎవరి కన్నూ పడక్కర్లేదు. ప్రోగ్రాములే అన్ని ఐపీలూ తడుముకుంటూ తిరుగుతాయి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము అలాగే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో కెమెరాలూ రౌటర్లూ పట్టుకుంది. 2017 జులైలో మన దేశంలోనే బీఎస్ఎన్ఎల్ మోడెములు వేల సంఖ్యలో మూలపడ్డాయి, కారణం మార్చని అడ్మిన్ పాస్‌వర్డే. చాలా ఫైబర్ కనెక్షన్లు ఇప్పుడు సీజీనాట్ (చాలా ఇళ్లు ఒకే బయటి ఐపీని పంచుకునే ఏర్పాటు) వెనక ఉంటాయి కాబట్టి మీది బయటికి కనబడకపోవచ్చు. దాని మీద ఆధారపడకండి, ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాలు) ఉంటే ఆ లెక్క వేరు. రిమోట్ ఆఫ్ చేయించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించండి. అవసరమైతే నాన్నగారికి వీడియో కాల్ చేసి చెయ్యి పట్టి నడిపించండి.

ఫైబర్_బాబాయ్_గుంటూరు:
నా మాట మీద నేనున్నా. కస్టమర్ గుర్తుపెట్టుకోలేని పాస్‌వర్డ్ పాస్‌వర్డే కాదు. రేపు మారిస్తే టీవీ, సీసీ కెమెరా, ఇన్వర్టర్, పనిమనిషి ఫోనుతో సహా అన్నీ మళ్లీ కలపాలి, ఎవరు కలుపుతారు? నేనేగా, ఉచితంగా. ఒక్కటి చెప్పండి. బాక్సు అడుగున స్టిక్కర్ మీద అచ్చేసిన పాస్‌వర్డ్ అలాగే వదిలేస్తే ఫర్వాలేదా? అదైతే కస్టమర్ తిరగేసి చూసుకుంటాడు, నాకు ఫోన్ చెయ్యడు.

మియాపూర్_మూడో_అంతస్తు:
ఫోన్ నంబర్ కంటే వెయ్యి రెట్లు నయం, ఒక షరతు మీద. కొన్ని కంపెనీల స్టిక్కర్ పాస్‌వర్డ్‌లు సీరియల్ నంబర్ నుంచో మ్యాక్ నుంచో లెక్కగట్టినవని గతంలో బయటపడింది. మీ దగ్గర ఒకే కంపెనీ బాక్సులు నాలుగైదు ఉంటాయి కదా, వాటి స్టిక్కర్లు పక్కపక్కన పెట్టి చూడండి. పాస్‌వర్డ్‌లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నా, మ్యాక్ చివరి అక్షరాలే అందులో కనబడినా ఆ బ్యాచ్ మొత్తానికీ మార్చండి. ఏ పోలికా లేదంటే వదిలేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, పిన్ ఆఫ్ చేసి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ, ఉంటే దాని కొత్త తరంతో కలిపిన డబ్ల్యూపీఏ2-డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్ గానీ పెట్టి రండి. ఒట్టి డబ్ల్యూపీఏ3 పెడితే పాత టీవీలూ స్మార్ట్ ప్లగ్గులూ కలవవు, మళ్లీ మీకే ఫోన్ వస్తుంది.

ఫైబర్_బాబాయ్_గుంటూరు:
సరే, రేపు రెండు ఇన్‌స్టలేషన్లున్నాయి, ఆ స్టిక్కర్లు చూస్తా. వరసగా ఉంటే ఇక్కడే పెడతా.