కోనసీమ కాళ్ళతో కటూంబా లూప్: ఎనిమిది వారాల్లో ఎలా తయారవ్వాలి?

లంకదారి:
మే ఆఖరి వారంలో నలుగురం సిడ్నీ వెళ్తున్నామండి. అందరిదీ అమలాపురం చుట్టుపక్కలే. ఒకరోజు సిడ్నీకి పడమర ఉన్న బ్లూ మౌంటెన్స్ కొండల్లో, కటూంబా ఊరి దగ్గర ఈ లూప్ (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారి) చేయాలని ఉంది: ఎకో పాయింట్ దగ్గర జెయింట్ స్టెయిర్‌వే మెట్లు దిగడం, కొండచరియల అడుగున అడవిలో ఫెడరల్ పాస్ మీద నడక, ఫర్బర్ స్టెప్స్ ఎక్కి పైకి రావడం, చరియ అంచునే ప్రిన్స్ హెన్రీ క్లిఫ్ వాక్ మీదుగా మళ్ళీ ఎకో పాయింట్. ఇద్దరం ముప్పైల్లో ఉన్నాం. ఒకాయనకి 52. ఒకావిడకి 61, కుడి మోకాలు అరుగుదల మొదలైందన్నారు. రోజూ కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడుస్తాం, ఆయాసం లేదు. ఇది సరిపోతుందా? మన దగ్గర కొండే లేదు కదా, ఎక్కడ సాధన చేయాలి? మోకాలు నొప్పి ఉన్నావిడని తీసుకెళ్ళొచ్చా?

ఏటిగట్టు:
ఐదు కిలోమీటర్ల చదును నడకతో ఊపిరి సరిపోతుందండి, తొడలు సరిపోవు. లూప్ మొత్తం ఐదారు కిలోమీటర్లే, అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మనకి తెలిసిన కొండ అంటే గుడి కొండ: ముందు ఎక్కుతాం, అలిసిపోతే అక్కణ్ణించే వెనక్కి దిగేస్తాం. ఇది తిరగేసిన కొండ. ఊరు పైన ఉంటుంది, దారి లోయలో ఉంటుంది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు దిగడం, అది అయిపోయాక ఎక్కడం. సగంలో మానేద్దామన్నా ఎక్కక తప్పదు.

జెయింట్ స్టెయిర్‌వేలో 800 పైచిలుకు మెట్లున్నాయి, కొన్ని రాతిలో చెక్కినవి, కొన్ని ఇనుపవి. అన్నీ ఒకే ఎత్తులో ఉండవు. కొన్నిచోట్ల నిచ్చెన దిగినట్టే ఉంటుంది. దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే ఒంటి బరువుని ఆపుతుంది. చదునులో ఎన్నేళ్ళు నడిచినా ఈ పని దానికి అలవాటు కాదు. అందుకే అడుగుకి చేరేసరికి కాళ్ళు వణుకుతాయి, అసలు నొప్పి ఆ మర్నాడూ మూడోనాడూ తెలుస్తుంది. మంచి సంగతేమిటంటే ఈ కండకి జ్ఞాపకం ఎక్కువ: ముందే నాలుగైదుసార్లు బాగా దిగి ఉంటే తర్వాత దిగినప్పుడు అంత నొప్పి పుట్టదు. కాబట్టి సాధన అంటే ఎక్కడం కాదు, దిగడం.

లెక్క ఇలా వేసుకోండి. మామూలు అపార్టుమెంటులో అంతస్తుకి ఇరవై మెట్లు అనుకుంటే 800 మెట్లంటే నలభై అంతస్తులు. ఐదంతస్తుల బిల్డింగు ఎనిమిదిసార్లు దిగాలి. మొదటి రెండు వారాలు లిఫ్టులో పైకెళ్ళి నడిచి దిగండి (వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి). వారానికి మూడు రోజులు, రోజుకి పది అంతస్తులతో మొదలు. మూడో వారం నుంచి ఎక్కడం కూడా కలపండి. ఆరో వారానికి ఒకే విడతలో నలభై దిగి, వెంటనే ఇరవై ఎక్కగలగాలి. నాలుగో వారం నుంచి వీపున నాలుగు కిలోల సంచి వేసుకోండి, ఆ రోజు మోసే నీళ్ళూ కోటూ తిండీ కలిపి అంతే అవుతాయి. చివరి గట్టి సాధన విమానం ఎక్కడానికి వారం, పది రోజుల ముందే అయిపోవాలి. ఆ తర్వాత మామూలు నడక చాలు.

లిఫ్టు లేకపోతే ఏటిగట్టు ఉందిగా. కాలవ గట్టు కాదు, గోదావరి గట్టు. దాని ఏటవాలు మీద నిటారుగా దిగండి, ఐమూలగా ఎక్కండి, ముప్పై నలభైసార్లు. లంకల్లో ఇసుకలో నడిస్తే చీలమండలు గట్టిపడతాయి, కానీ దిగే పనికి అది సాయపడదు. ఏప్రిల్, మేలో ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు, పొద్దున్న ఆరున్నరకల్లా ముగించండి.

మెట్లపూజ:
పై లెక్క బాగుంది. కొండ లేదన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదండి, డెల్టా అంచునే ఉన్నాయి. అన్నవరం రత్నగిరి మీదికి బస్సులో వెళ్ళి మెట్లదారిన దిగితే సరిగ్గా మీక్కావలసిన సాధన. రాజమండ్రి దగ్గర కోరుకొండ నరసింహస్వామి మెట్లు ఇంకా నిటారు, అక్కడ ఎక్కడమూ దిగడమూ రెండూ అవుతాయి. రెండుచోట్లా వట్టి కాళ్ళతోనే నడుస్తారు కాబట్టి బూట్ల సాధన ఇంటి మెట్ల మీదే చేసుకోవాలి. శనివారాలూ రద్దీ రోజులూ మానుకోండి. మెట్లకి పసుపు పూసి ఉంటే చెమట పట్టిన పాదం జారుతుంది.

ఇక 61 ఏళ్ళావిడ గురించి. అరిగిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే శత్రువు. అందుకని ఆవిడకి లూప్ తిరగేయండి. అక్కడ సీనిక్ వరల్డ్ అనే పర్యాటక కేంద్రం వాళ్ళ రైలు కొండ పైనుంచి లోయలోకి దిగుతుంది, 52 డిగ్రీల వాలు. ఒకప్పుడు బొగ్గు గని కోసం వేసిన దారి అది. టిక్కెట్టు కొని అందులో దిగి, ఫెడరల్ పాస్ మీద నడిచి, జెయింట్ స్టెయిర్‌వే ఎక్కి రావచ్చు. దిగే పని దాదాపు ఉండదు, ఆయాసం మాత్రం ఉంటుంది, ప్రతి యాభై మెట్లకీ ఆగితే సరిపోతుంది. అదీ వద్దనుకుంటే అడుగున అడవిలో చెక్క వంతెనలా వేసిన నడకదారి 2.4 కిలోమీటర్లుంది. రైల్లోనో కేబుల్ కారులోనో దిగి, అది చూసి, మళ్ళీ అందులోనే పైకి రావచ్చు. అడవి అదే అడవి. ముందుగా ఆర్థోపెడిక్ డాక్టర్ని అడగండి, "వాకింగ్ చేయొచ్చా" అని కాదు, "800 మెట్లు ఎక్కొచ్చా" అని.

ఇంట్లో ఆవిడ చేయాల్సింది ఒక్కటే: కింది మెట్టు మీద నిలబడి రెయిలింగ్ పట్టుకుని ఒక కాలు నెమ్మదిగా, మూడు లెక్కపెట్టేంతసేపు తీసుకుని నేలకి దించాలి. కాలికి పదేసి చొప్పున మూడుసార్లు. మోకాలు లోపలికి వంగకూడదు, బొటనవేలు వరుసలోనే ఉండాలి. నొప్పి పొడిచినట్టు వస్తే ఆపేయాలి.

లంకదారి:
తిరగేసే ఉపాయం మాకు తట్టనే లేదండీ, ధన్యవాదాలు. బూట్లు కొత్తవి కొనాలా? గట్టు మీద వాడే పాతవి బాగానే ఉన్నాయి. కర్రలు కూడా తీసుకెళ్దామనుకుంటున్నాం.

కొబ్బరిమొవ్వ:
పాతవే మంచివి, అడుగున గళ్ళు అరిగిపోకుండా ఉంటే. కొత్తవి కొంటే ఇప్పుడే కొని ఎనిమిది వారాలూ వాటితోనే దిగండి. అరసైజు పెద్దవి తీసుకోండి. దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్ళు బూటు ముక్కుకి కొట్టుకుంటాయి, గోళ్ళు నల్లబడేది అందుకే. రెండు రోజుల ముందు గోళ్ళు తీసుకుని, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. వేళ్ళ మీద వదులుగా ఉన్నా పర్లేదు.

అసలు విషయం మట్టి. గట్టు మట్టి అంటుకున్న బూట్లతో సిడ్నీలో దిగితే విమానాశ్రయంలోనే ఆపుతారు. బ్రష్షుతో గళ్ళన్నీ గీకి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మట్టి తగిలిన బూట్లున్నాయని ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డులో రాయండి. చాదస్తం కాదిది. అక్కడి అడవుల్లో చెట్ల వేళ్ళని కుళ్ళబెట్టే ఫైటోఫ్తోరా జాతి బూజు మట్టితోనే పాకుతుంది. మన కొబ్బరికి మొవ్వుకుళ్ళు తెచ్చేది దాని దాయాదే, కోనసీమవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. దారి మొదట్లో బూట్లు తుడుచుకునే బ్రష్షులుంటే వాడండి.

తినేవి కూడా ఇంతే. ఆత్రేయపురం పూతరేకులు, కోవా, పచ్చళ్ళు, ఏవి పట్టుకెళ్ళినా కార్డులో రాయాల్సిందే. నెయ్యీ పాలూ ఉన్నవి తీసేసుకునే అవకాశం ఎక్కువ, ఆశపడకండి. నడకకి అరటిపళ్ళూ ఖర్జూరాలూ అక్కడే కొనుక్కోండి.

కర్రలు మడతపెట్టేవైతేనే. అడవిలో, ఎగుడుదిగుడు రాతి మీద పనికొస్తాయి, దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవు పెంచండి. ఇనుప మెట్ల మీద మాత్రం మడిచి సంచికి కట్టేసి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకోవాలి. జాలీ సందుల్లో కర్ర మొన ఇరుక్కుంటే ముందుకే పడతారు.

ఏటిగట్టు:
టైము సంగతి ఎవరూ చెప్పలేదు. మనకి రోహిణి ఎండలప్పుడు అక్కడ చలికాలం, ఐదింటికల్లా పొద్దు వాలుతుంది, చరియల నీడలో ఇంకా ముందే చీకటి. సిడ్నీ సెంట్రల్ నుంచి కటూంబాకి రైలు రెండు గంటలు. పదింటికి మెట్ల దగ్గర ఉండేలా బయల్దేరండి. మీ గుంపుకి ఆగుతూ సాగుతూ నాలుగు గంటలు వేసుకోండి. తలకి పెట్టుకునే లైటు ఒక్కటైనా ఉండాలి. తిరగేసి వెళ్ళేవాళ్ళు సీనిక్ వరల్డ్ రైలు ఆ రోజు నడుస్తోందో లేదో, ఆఖరిది ఎన్నింటికో ఉదయమే చూసుకోండి.

వెళ్ళే ముందురోజూ ఆ ఉదయమూ న్యూ సౌత్ వేల్స్ నేషనల్ పార్క్స్ సైటులో దారి మూత హెచ్చరికలు చూడండి. పైన ఇసుకరాయి, కింద మెత్తటి షేల్, బొగ్గు పొరలు. కింది పొర కోసుకుపోతుంటే పైరాయికి ఆధారం పోయి విరిగి పడుతుంది, గట్టి వానల తర్వాత మరీ. దారి మూసి ఉంటే కంచె దాటొద్దు. వంతెన మీదుగా త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల్లో మొదటిదాని దాకా వెళ్ళి, ఆపైన అంచు దారిన నడిచినా చూడాల్సినవి చాలానే కనిపిస్తాయి.

మనిషికి లీటరున్నర నీళ్ళు. వాగు నీళ్ళు తాగొద్దు. బనీను నూలుది వద్దు, చెమటకి తడిసి ఆ పది పన్నెండు డిగ్రీల చలిలో ఒంటికి అంటుకుని వణికిస్తుంది. లోయలో ఫోను సిగ్నల్ నమ్మొద్దు, ఎంతకి తిరిగొస్తారో పైన ఒకరికి చెప్పి దిగండి. అత్యవసర నంబరు 000. జలగలుంటాయి, వాన పడితే. ఊడ్పుల్లో కాలు పెట్టినవాళ్ళకి అదో లెక్క కాదు.

జామాయిల్:
ఒకటే చేర్పు. ఫర్బర్ స్టెప్స్ అడుగుకి వచ్చేసరికి ఎవరి కాళ్ళైనా వణుకుతుంటే పౌరుషానికి పోకుండా సీనిక్ వరల్డ్ రైలెక్కేయమనండి, స్టేషన్ అక్కడికి దగ్గరే. టిక్కెట్టుకి బ్యాంకు కార్డో డబ్బులో పైన వదిలేసి దిగొద్దు.