అప్‌డేట్: స్టేషనరీ బోర్డు సంగతి తేలింది

మా బావగారి కొత్త షాపు బోర్డు మీద స్టేషనరీకి చివర ‘ఏఆర్‌వై’ రాయాలా, ‘ఈఆర్‌వై’ రాయాలా అని మొన్న అడిగాను కదా, చెప్పిన అందరికీ థ్యాంక్స్. ఈఆర్‌వైయే కరెక్ట్. పెన్నులు, కాగితాలు, కవర్లు అన్నీ దాని కిందకే వస్తాయి. ఏఆర్‌వై అంటే కదలకుండా ఉన్నచోటే ఉన్నది, రోడ్డు పక్కన ఆగిన లారీలాగా. పెయింటర్ మాత్రం ‘ఊళ్లో అన్ని షాపులకీ ఏ పెట్టే రాశానండీ, ఎవరూ ఏమీ అనలేదు’ అని కాసేపు వాదించి, చివరికి తెల్లరంగు కొట్టి ఈ దిద్దాడు, దగ్గరికెళ్లి చూస్తే పాత అక్షరం కాళ్లు ఇంకా లీలగా కనిపిస్తూనే ఉన్నాయి.

అయినా ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం, ఎందుకంటే రెండు మాటలకీ మూలం ఒకటే: ఊళ్లు తిరిగి అమ్మకుండా ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాళ్లని ఇంగ్లండ్‌లో స్టేషనర్లు అనేవారు, లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే మొదలైంది. గుర్తుకి, పేపర్ చివర ఈఆర్ ఉంది కదా, అదే ఇక్కడా.

ప్రిన్సిపల్ గురించి అడిగినవాళ్లకి: కాలేజీ ప్రిన్సిపల్‌కీ, లోన్‌లో అసలుకీ చివర ‘పీఏఎల్’. ‘పీఎల్ఈ’ అయితే సిద్ధాంతం, నియమం. బ్యాంకు కాగితాల్లో వచ్చేది మొదటిదే.