అక్టోబర్ ఆఖర్ల కోరంగి పోతే పిట్టలు మంచిగ కనవడతయా?

ఓరుగల్లు పిట్టలోడు:
నేను, నా దోస్తు కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులకి పోదామనుకుంటున్నం, వరంగల్ల గౌతమి ఎక్కితే పొద్దుగాల దిగొచ్చు. వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల కాడ కనవడనివి చూడాలె, ముఖ్యంగ స్కిమ్మర్. ఎన్ని గంటలకు పోవాలె, నీటికుక్కలు కనిపిస్తయా? జర చెప్పుండ్రి.

హన్మకొండ అన్న:
తమ్మీ, మన చెరువుల లెక్క తెల్లారంగనే పోతే సరిపోదు, పోటు ఎప్పుడొస్తది నీళ్లు ఎప్పుడు దిగుతయి అనేది చూస్కోవాలె. బురద తేలినంకనే ఉల్లంకులు, ప్లోవర్లు, కర్ల్యూలు అసొంటి బురద పిట్టలు మేతకి దిగుతయి, పోటొస్తే లేచి ఎత్తు జాగల నిలవడి కునుకు తీస్తయి. రోజుకి రెండు పోట్లు, తెల్లారి దాదాపు 50 నిమిషాలు లేటయితది, అందుకే టికెట్ చేసే ముందే కాకినాడ టైడ్ టేబుల్ (పోటు టైంల పట్టిక) చూడు. నీళ్లు మళ్లీ ఎక్కేటప్పుడు వొడ్డున చప్పుడు చెయ్యక కూసుంటే బురద తగ్గుకుంట వస్తది, పిట్టలు వాటంతట అవే నీ దిక్కు జరుగుతయి, గదే అసలు టైం. కర్ల్యూ ఆ వంకర ముక్కు మొత్తం బురదల దించి ఎండ్రకాయని గుంజి, కాళ్లు ఊడేదాక దులిపి దులిపి మింగుతది, అది చూస్తే చాలు కడుపు నిండుతది.

కాకినాడ నుంచి:
స్కిమ్మర్ కోసమైతే కోరంగి చెక్క వంతెన కాదండి, కాకినాడ ఊరి పక్కన కుంభాభిషేకం రేవు వైపు బురద మేటలు చూడండి. నారింజ రంగు ముక్కు, కింది దవడే పొడుగు, దాంతో నీళ్లు గీసుకుంటూ ఎగురుద్ది. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన స్కిమ్మర్లు మూడు వేల లోపే అని అంచనా, దయచేసి ఫోటో కోసం గుంపు మీదకి నడవొద్దండి. వంతెన మీద నుంచైతే బురద చేపలు, ఒక్క గోరు మాత్రం పెద్దగా ఉండే పీతలు, లకుముకులు చూడొచ్చు. నీటికుక్కలు కాలవల్లో ఉన్నాయి గానీ కనపడటం అదృష్టం, ఫిషింగ్ క్యాట్ (చేపలు పట్టే అడవి పిల్లి) రాత్రి తిరిగేది, బురదలో అడుగులు వెతకండి. బోటు పోటుని బట్టే నడుస్తుంది. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం అస్సలు రావద్దండి.

నర్సంపేట:
స్కోప్, అంటే దూరం పిట్టల్ని చూసే పెద్ద దుర్భిణి, ఉందా తమ్మీ? అమాస, పున్నం దగ్గర నీళ్లు మస్తు దూరం దిగుతయి, పిట్టలు చుక్కల్లెక్క కనవడతయి.

ఓరుగల్లు పిట్టలోడు:
స్కోప్ లేదన్నా, ఉత్త బైనాక్యులరే. అయితే నీళ్లు అంత దూరం దిగని అష్టమి దగ్గర పడేటట్టు నవంబర్ల చేస్తం టికెట్లు. కాకినాడ అన్నా, రేవు కాడికి ఆటోలు దొరుకుతయా?

కాకినాడ నుంచి:
దొరుకుతాయండి, తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడేసుకోండి.