ఏడాది దాటినా లేబుల్ విడుదల చేయని పాటలను ర్యాపరే విడుదల చేసుకోవచ్చా?

ఆమదాలవలస మేనమామ:
మా అక్క కొడుకు సిక్కోలు యాసలో, వెనుక జముకు అనే జానపద వాద్యం మోతతో ర్యాప్ రాసి పాడతాడు. రెండేళ్ల కిందట ఒక లేబుల్ (పాటల కంపెనీ) వారు ఆరు పాటలకు పదకొండు పేజీల ఒప్పందం రాయించుకున్నారు. ప్రతి పేజీ అడుగునా వాడి పొట్టి సంతకం ఉంది. చదివే పెట్టావా అని అడిగితే తల గోక్కున్నాడు. ముప్పై వేలు అడ్వాన్సు ముట్టింది గాని ఒక్క పాటా బయటికి రాలేదు. విసిగిపోయి గత నెలలో ఒక పాటను తన యూట్యూబ్ ఛానెల్‌లో పెడితే మూడో రోజున కాపీరైట్ స్ట్రైక్, అంటే హక్కు మాదన్న ఫిర్యాదు మీద యూట్యూబ్ హెచ్చరిక, పడింది. మాట వాడిది, గొంతు వాడిది. మిగిలిన ఐదూ పెట్టేయమని మిత్రులు ఎగదోస్తున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

చిన్న స్టూడియో, విజయనగరం:
దయచేసి పెట్టనివ్వకండి. తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది. పైగా లేబుల్ ఖర్చును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మిక్సింగ్ చేసిన నాకే బాకీలు ఎన్నో ఉన్నాయి. అమెరికాలో ర్యాపర్ లిల్ వేన్ అంతటివాడు 2015లో తన లేబుల్ మీద దావా వేసి, ఆపివేసిన ఆల్బమ్ కోసం 2018 సెప్టెంబరు దాకా ఆగవలసి వచ్చింది. మనమెంత?

కోట కూడలి:
స్టూడియో గారు సగం కథే చెప్పారు. 2020 మార్చిలో హ్యూస్టన్ ర్యాపర్ మెగాన్ దీ స్టాలియన్ లేబుల్ అడ్డుపడుతుంటే కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుని కొత్త పాటలు విడుదల చేసింది. ఆ తగవు 2023లో రాజీతో ముగిసింది. అయితే అక్కడి చట్టం అక్కడిది, మనకు 1957 కాపీరైట్ చట్టం ఉంది. హక్కులు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాటిని వినియోగించుకోకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే భావించాలని 19వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. ఆ ‘తప్ప’ దగ్గరే చాలామంది బోల్తా పడతారు గనుక ముందుగా పదకొండు పేజీలూ చదివించండి. ఇంకొక మెలిక ఉంది. రద్దయ్యేది సాహిత్యం మీది బదిలీయే. రికార్డింగు మీద హక్కు నిర్మాతకు ఒకరు బదిలీ చేస్తే వచ్చినది కాదు. దాన్ని చేయించిన బాధ్యత ఎవరిదో వారిదే మొదటి నుంచీ. అందుచేత మాటలు తిరిగి మీ వాడివి కావచ్చు గాని, లేబుల్ స్టూడియోలో చేసిన ట్రాక్ కాదు. అదే పాటను కొత్తగా పాడి, కొత్త బీటుతో రికార్డు చేసుకోవడమే నాకు కనిపిస్తున్న దారి. సంతకం నాటికి మీ వాడికి పద్దెనిమిది నిండాయా? నిండకపోతే ఆ ఒప్పందమే చెల్లదు.

ఆమదాలవలస మేనమామ:
పందొమ్మిది నిండాయండీ. అయితే ఆరింటిలో నాలుగు పాటలు మా మేడ మీది గదిలోనే రికార్డయ్యాయి. కిటికీకి బొంత కట్టి, నేను కొనిచ్చిన మైకుతో, సీలింగు ఫ్యాను ఆపి పాడాడు. బీటు మాత్రం ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకున్నాడట.

కోట కూడలి:
అలాగైతే ఆ నాలుగింటికి నిర్మాత ఎవరన్నదే అసలు తగవు; ఫైళ్ల తేదీలు, మైకు రసీదు భద్రపరచండి. అద్దె బీటు లైసెన్సు ఎంతవరకు అనుమతిస్తుందో కూడా చూడండి. 2012 సవరణ ప్రకారం, రాసినవారికి రావలసిన రాయల్టీ వాటాను లేబుల్‌కు వదులుకున్నట్టు రాసినా ఆ మాట చెల్లదు. నోటీసు పంపండి, పాటలు అప్పుడే పెట్టకండి.

చిన్న స్టూడియో, విజయనగరం:
రసీదు మాట ఒప్పుకుంటాను. మరి జముకు వాయించిన పెద్దాయన దగ్గర మీరు కాగితం తీసుకున్నారా? వాయించినవారికీ హక్కులుంటాయి కదా.

ఆమదాలవలస మేనమామ:
తీసుకోలేదు. ఆ రోజు భోజనం పెట్టి, ఐదు వందలు చేతిలో పెట్టి పంపాము. ఆదివారం మా వాణ్ని వెంటబెట్టుకుని ఆయన ఊరికి వెళుతున్నాను. ఆయనకు చదువు రాదు గనుక, ప్రతి మాటా చదివి వినిపించాకే వేలిముద్ర వేయించుకుంటాము.