హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయి: కొట్లో ఏ ఫిల్టర్లు ఉంచాలి, ఏవి తగ్గించాలి?

రేణిగుంట_స్పేర్స్:

అందరికీ నమస్తే. తిరుపతిలో ఫిల్టర్ల కొట్టు. ఇన్నాళ్లూ కౌంటర్‌లో కదిలే సరుకంటే ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే ఏసీ ఫిల్టర్ అడిగేవాళ్లు తక్కువ. ఇప్పుడు ట్యాక్సీ వాళ్లు హైక్రాస్, హైరైడర్ లాంటి టయోటా హైబ్రిడ్లు తెస్తున్నారు. సొంత కార్లలో నెక్సాన్ ఈవీ, టియాగో ఈవీ కనబడుతున్నాయి. కొండమీదికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచే తిరుగుతున్నాయి. సరుకు ఆర్డర్ పెట్టేముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. హైబ్రిడ్‌లో ఇంజన్ సగం టైం ఆగే ఉంటుంది కదా, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చే గడువు పెరుగుతుందా? బ్యాటరీకి ఫిల్టర్ ఉంటుందంటున్నారు, అది ఎక్కడుంటుంది, విడిగా అమ్మే వస్తువేనా? పూర్తి ఎలక్ట్రిక్‌లో ఏసీ ఫిల్టర్ తప్ప ఇంకేమైనా ఉందా? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

హైబ్రిడ్_చిత్తూరు:

ముందు ఒక మాట అన్నా, హైబ్రిడ్లన్నిటినీ ఒకే గాట కట్టొద్దు. ఎర్టిగా, బ్రెజాల మీద ఉండే స్మార్ట్ హైబ్రిడ్ అంటే బెల్టు మీద తిరిగే స్టార్టర్ జనరేటర్, సీటు కింద చిన్న లిథియం బ్యాటరీ, అంతే. కారుని నడిపేది పెట్రోల్ ఇంజనే. వాటికి ఫిల్టర్లలో ఏ మార్పూ లేదు, పాత లెక్కే.

ఇబ్బంది వచ్చేది హైరైడర్, గ్రాండ్ విటారా లాంటి వాటితో. ఒకే పేరుతో రెండు ఇంజన్లు. మైల్డ్ హైబ్రిడ్‌లో, అంటే పైన చెప్పిన స్మార్ట్ హైబ్రిడ్ తరహాలో, 1462 సీసీ, నాలుగు సిలిండర్లు, సుజుకీది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో, అంటే కొంతసేపు ఇంజన్ ఆపి మోటార్ మీదే నడిచేదాంట్లో, 1490 సీసీ, మూడు సిలిండర్లు, టయోటాది. కస్టమర్ వచ్చి 'హైరైడర్ ఆయిల్ ఫిల్టర్ ఇవ్వన్నా' అంటే పేరు విని డబ్బా తీయొద్దు. ఛాసిస్ నంబరు అడగండి, లేదా ఆర్సీలో సీసీ చూడండి. తప్పు ఫిల్టర్ మర సరిపోయి బిగిసినా, ఫిల్టర్‌లోంచి ఆయిల్ పోలేనప్పుడు పక్కదారిన వదిలే బైపాస్ వాల్వు తెరుచుకునే ప్రెషర్ వేరే ఉండొచ్చు. బయటికి ఏమీ తెలియదు, ఇంజన్‌కి మాత్రం వడకట్టని ఆయిల్ పోతుంది.

గడువు సంగతి. ఇంజన్ తక్కువ తిరిగింది కాబట్టి ఆయిల్ ఎక్కువ కాలం వస్తుందనే లెక్క ఊళ్లో తిరిగే హైబ్రిడ్‌కి పనికిరాదు. రెండు నిమిషాలు ఇంజన్ పనిచేస్తుంది, ఐదు నిమిషాలు ఆగుతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. మండని పెట్రోల్, నీటి ఆవిరి అందులోనే నిలిచిపోతాయి. నవంబర్, డిసెంబర్ వానల్లో చిన్న చిన్న దూరాలు తిరిగిన బండి ఆయిల్ మూత తీసి చూడండి, లోపలివైపు తెల్లటి జిగురు కనబడితే ఇదే కారణం. కాబట్టి కిలోమీటర్లు నిండకపోయినా నెలల గడువు దాటనివ్వకూడదు. కంపెనీ బుక్కులో 'ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది' అని ఉంటుంది. సొంత హైబ్రిడ్‌కి ఎక్కువగా నెలలే ముందొస్తాయి, ట్యాక్సీకి కిలోమీటర్లు.

ఆయిల్ ఫిల్టర్ లోపల రబ్బరు డయాఫ్రం ఉంటుంది, ఇంజన్ ఆగినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. మామూలు కారు రోజుకి పదిసార్లు స్టార్టయితే హైబ్రిడ్ ఇంజన్ ఒక్క ట్రిప్పులోనే అంతకంటే ఎక్కువసార్లు ఆగి మొదలవుతుంది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్‌లో ఈ రబ్బరు గట్టిపడితే బండి ఆగిన ప్రతిసారీ ఫిల్టర్ ఖాళీ అవుతుంది, మళ్లీ మొదలైన ప్రతిసారీ బేరింగులకి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు వేడికి త్వరగా బిరుసెక్కుతుంది, సిలికాన్‌ది మెత్తగానే ఉంటుంది. హైబ్రిడ్లకి సిలికాన్ వాల్వు ఉన్నది పెట్టుకోండి, పది రూపాయలు తగ్గుతుందని వేరేది తేవద్దు. ఎయిర్ ఫిల్టర్ మాత్రం నిజంగానే కొంచెం ఎక్కువ కాలం వస్తుంది. ఇంజన్ ఆగినంతసేపు గాలి పీల్చదు. అయినా గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో నడిచే బండికి ఆ లాభం మిగలదు.

కరకంబాడి_ఈవీ:

బ్యాటరీ ఫిల్టర్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

టయోటా తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీని కారు లోపలి గాలితోనే చల్లబరుస్తారు. హైరైడర్‌లో బ్యాటరీ డిక్కీ వైపు, క్యామ్రీలో వెనక సీటు కింద, హైక్రాస్‌లో ముందు సీట్ల కింద. గాలి పీల్చే జాలీ సీటు పక్కనో కిందో ఉంటుంది, ఎక్కడన్నది మోడల్‌ని బట్టి బుక్కులో చూసుకోవాలి. కొన్నిట్లో జాలీ వెనక పల్చటి ఫిల్టర్, కొన్నిట్లో ఉత్త జాలీ. ఫ్యాను ఏసీ చల్లదనం ఉన్న గాలిని అందులోంచి లాగి సెల్స్ మీదుగా పంపిస్తుంది.

అంటే కారులో ఉన్న దుమ్మంతా చేరేది అక్కడికే. కాళ్ల మట్టి, మ్యాట్ల పీచు, సీటు కవర్ల నూలు. కొండకి పోయే ట్యాక్సీల్లో దీనికి తోడు గుండ్ల నుంచి రాలే చిన్న చిన్న వెంట్రుకలు. జాలీ మీద బూడిదరంగు దుప్పటిలా పేరుకుంటుంది.

ఘాట్ రోడ్డే దీనికి అసలు పరీక్ష. ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి మోటార్‌కి పెద్ద కరెంటు పోతుంది, దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ పెద్ద కరెంటు వెనక్కి వస్తుంది. రెండు దారుల్లోనూ సెల్స్ వేడెక్కుతాయి. జాలీ మూసుకుపోయి ఉంటే ముందు ఫ్యాను గట్టిగా అరుస్తుంది. తర్వాత కంప్యూటరు బ్యాటరీలోకి వచ్చే చార్జిని తగ్గిస్తుంది, ఇంజన్ మాటిమాటికీ మొదలవుతుంది, మైలేజీ పడిపోతుంది. చివరికి డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ కూలింగ్ భాగాలు చూపించమని మెసేజ్ వస్తుంది. స్కానర్ పెడితే పి0ఎ82 కోడ్ దొరకొచ్చు, అది కూలింగ్ ఫ్యాను పనితీరుది. ఇది చూసి బ్యాటరీ పోయిందని లక్షల లెక్క చెప్పేవాళ్లున్నారు. ముందు జాలీ విప్పి చూడాలి.

శుభ్రం చేసే పద్ధతి. కారు ఆఫ్ చేయాలి. బండి కదలడానికి సిద్ధంగా ఉందని డ్యాష్‌బోర్డు మీద చూపించే రెడీ లైటు ఆరిందో లేదో చూసుకోవాలి. జాలీ మీద వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి దుమ్ము లాగాలి. తర్వాత క్లిప్పులు మెల్లగా ఊడదీసి, లోపల ఫిల్టర్ ఉంటే బయటికి తీసి రెండు వైపులా వ్యాక్యూమ్‌తో దుమ్ము లాగాలి. ఎయిర్ గన్ మాత్రం వద్దే వద్దు. ఊదితే దుమ్ము లోపలికి పోయి ఫ్యాను రెక్కలకీ సెల్స్ మధ్య సందుల్లోకీ చేరుతుంది, ఆ తర్వాత బ్యాటరీ దించితే తప్ప తీయలేం. నీళ్లు, తడిగుడ్డ కూడా వద్దు. నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్ల జోలికి ఎవరూ పోకూడదు, ఈ పనికి వాటితో అవసరమే లేదు. ట్యాక్సీకి నెలకోసారి, సొంత బండికి రెండు మూడు నెలలకోసారి చాలు. విడి ఫిల్టర్ దొరికే మోడళ్లకి నాలుగైదు పీసులు ఉంచుకోండి, చిరిగినప్పుడే కొత్తది కావాలి. అంతకంటే ముందు సీటు కవర్లు కుట్టేవాళ్లకి చెప్పండి, జాలీ మీదికి బట్ట రాకుండా కోత పెట్టమని.

రేణిగుంట_స్పేర్స్:

చాలా ఉపయోగం అన్నా. పూర్తి ఎలక్ట్రిక్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఏసీ ఫిల్టర్‌లో మామూలుదా, కార్బన్‌దా, ఏది పెట్టుకోవాలి? నెక్సాన్ ఈవీ వాళ్లు బ్యాటరీ ఫిల్టర్ అడిగితే ఏం చెప్పాలి?

తిరుచానూరు_ఆటో_ఏసీ:

నెక్సాన్ ఈవీ బ్యాటరీకి కూలెంట్ తిరుగుతుంది తమ్ముడూ, గాలి ఫిల్టర్ లేదు. అడిగినవాళ్లకి లేదనే చెప్పండి.

దాని బదులు చూసుకోవాల్సింది ముందున్న కండెన్సర్, ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీ. ఇలాంటి బండ్లలో బ్యాటరీ కూలెంట్‌ని చల్లబరిచేదీ కారు లోపలిని చల్లబరిచేదీ ఒకే ఏసీ గ్యాసు. మే నెల మధ్యాహ్నం ఫాస్ట్ చార్జింగ్ పెడితే చార్జి అయ్యేది కాస్తా మెల్లబడిందంటే, చాలాసార్లు కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము, పురుగులు అడ్డం పడి ఉంటాయి. మామూలు పైపు నీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఏసీ ఫిల్టర్‌కి కిలోమీటర్ల లెక్క ఎలక్ట్రిక్‌లో తప్పుతుంది. పెట్రోల్ కారు ఆపి ఎదురుచూసేటప్పుడు డ్రైవర్ ఏసీ ఆపేస్తాడు. ఎలక్ట్రిక్‌లో అలిపిరి పార్కింగ్‌లో గంటసేపు ఆగినా, చార్జింగ్‌లో ఉన్నా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. కిలోమీటర్లు కదలకుండానే ఫిల్టర్ నిండుతుంది. సొంత బండికి ఏడాదికోసారి, ట్యాక్సీకి ఆరు నెలలకోసారి మార్చమని చెప్పండి. ఇంజన్ చప్పుడు లేదు కాబట్టి బ్లోయర్ ఈల వినబడి కస్టమరే ముందొస్తాడు. దులిపి, కడిగి మళ్లీ పెట్టే అలవాటు మాన్పించాలి. సన్న దుమ్ముని పట్టేది ఆ పీచుకున్న విద్యుదావేశం, నీళ్లు తగిలితే అది పోతుంది. చూడటానికి తెల్లగానే ఉంటుంది, సన్న దుమ్ముని మాత్రం ఆపదు. బిగించేటప్పుడు గాలి వెళ్లే వైపు బాణం గుర్తు చూసుకోవాలి.

కార్బన్‌ది ట్యాక్సీలకి మంచిది, ముందున్న లారీ పొగ వాసన తగ్గుతుంది. అయితే అదే మందంలో కార్బన్ కూడా ఉంటుంది కాబట్టి చౌకరకాలు గాలిని ఎక్కువ అడ్డుకుంటాయి. పెట్టాక బ్లోయర్ రెండో నంబరులో గాలి మునుపటంత రాకపోతే ఆ రకం మళ్లీ తేవద్దు.

కరకంబాడి_ఈవీ:

దీనికి ఒకటి కలుపుతాను. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ డబ్బాకి గాలి ఆడేందుకు చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపల టెఫ్లాన్ జాతి పల్చటి పొర. గాలిని పోనిస్తుంది, నీటిని ఆపుతుంది. ఇది కొట్లో అమ్మే సరుకు కాదు, కానీ పాడు చేసేది మనవాళ్లే. తిరుపతి నుంచి తిరుమల ఎక్కితే ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు తేడా, గాలి ఒత్తిడి దాదాపు 80 మిల్లీబార్లు తగ్గుతుంది. బ్రీదర్ మూసుకుపోతే చదరపు మీటరు మూత మీద సుమారు ఎనిమిది వందల కిలోల బరువంత బలం లోపలి నుంచి తోస్తుంది. దిగేటప్పుడు ఆ బలం మళ్లీ తగ్గిపోతుంది. ఇలా రోజూ అయితే మూత చుట్టూ ఉన్న సీల్ సడలుతుంది, వానలో నీరు చేరుతుంది. తుప్పు పట్టకుండా కింద నల్ల కోటింగ్ కొట్టించేవాళ్లు బ్రీదర్ మీద కూడా కొట్టేస్తున్నారు. కోటింగ్‌కి ముందు దాని మీద టేపు వేయించాలి, పని అయ్యాక టేపు తీయించాలి. వాటర్ గన్ కూడా దాని మీదికి నేరుగా పట్టకూడదు.

కూలెంట్ అమ్మేటప్పుడు రంగు చూసి ఇవ్వొద్దు. హ్యుందాయ్ ఎలక్ట్రిక్ కారు అయానిక్ 5 లాంటి వాటికి కరెంటు తక్కువగా ప్రవహించే ప్రత్యేక కూలెంట్ రాస్తారు, మామూలు పచ్చది కలిపితే ఆ గుణం పోతుంది. డబ్బా మీద బండి బుక్కులోని స్పెసిఫికేషన్ ఉంటేనే ఇవ్వండి. ట్యాంకులో ఇప్పటికే ఏం పోశారో కస్టమర్ చెప్పలేకపోతే టాపప్ వద్దు, మొత్తం దించి కొత్తది నింపించమనండి.